బోటుకి బ్రేకులుండవు: కొత్తగా నడిపేవారికి లైసెన్సు నుంచి లంగరు దాకా

కారు అలవాటున్నవాళ్లు బోటు స్టీరింగు పట్టుకోగానే రెండు విషయాల్లో దెబ్బతింటారు. మొదటిది, బోటులో తిరిగేది వెనక భాగం. చక్రం కుడికి తిప్పితే ముక్కు కుడికి వెళ్లేలోపే వెనక భాగం ఎడమకి ఊడ్చుకుంటూ పోతుంది. ఎడమపక్కన జెట్టీ ఉంటే దాన్ని గుద్దుతుంది. రెండోది, బ్రేకులు లేవు. 20 నాట్ల వేగం అంటే గంటకి 37 కిలోమీటర్లు, సెకనుకి 10 మీటర్ల పైమాటే. థ్రాటిల్ తగ్గించినా బోటు తన ఊపున తాను పోతూనే ఉంటుంది. ఊపు తగ్గాక కూడా నిలబడదు, గాలీ ప్రవాహమూ ఎటు నెడితే అటు జారుతుంది. అందుకే నీళ్లమీద ఏ నిర్ణయమైనా ముందే తీసుకోవాలి, చాలావాటిని ఒడ్డునే తీసుకోవాలి. ఇక్కడ చెప్పేదాంట్లో సగానికి సగం బోటు కదలకముందు చేసే పనే.

ఇదంతా 8 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు మోటారుతో నడిచే విహార బోట్ల గురించి.

ముందు కాగితాలు

చూసుకోవలసినవి నాలుగు: నడిపే మనిషికి యోగ్యతా పత్రం, బోటుకి రిజిస్ట్రేషన్, రేడియోకి అనుమతి, బీమా. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. బోటు అద్దెకి తీసుకుంటే రిజిస్ట్రేషన్, బీమా యజమాని చూసుకుంటాడు. యోగ్యతా పత్రం మాత్రం మీ బాధ్యతే.

దాని నియమాలు దేశానికో తీరు. కెనడాలో మోటారున్న విహార బోటు ఏది నడిపినా, చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించినదైనా సరే, ప్లెజర్ క్రాఫ్ట్ ఆపరేటర్ కార్డో దానికి సమానమైన రుజువో ఉండాలి. 50 ప్రశ్నల పరీక్షలో 75 శాతం తెచ్చుకుంటే కార్డు జీవితాంతం చెల్లుతుంది. జర్మనీలో మోటారు శక్తిని చూస్తారు: సాధారణంగా 15 హార్స్‌పవర్ దాటితే లైసెన్సు కావాలి. ఫ్రాన్స్‌లో ఆ గీత 6 హార్స్‌పవర్ దగ్గరే ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో చూసేది వేగాన్ని: మోటారు బోటుని 10 నాట్లు లేదా అంతకు మించిన వేగంతో నడపాలంటే లైసెన్సు ఉండాలి. అమెరికాలో రాష్ట్రానికో చట్టం, చాలా రాష్ట్రాల్లో మీ పుట్టిన తేదీని బట్టి శిక్షణ తప్పనిసరి అవుతుంది. బ్రిటన్‌లో సొంత సరదాకి సముద్రం మీద నడిపేవారిని లైసెన్సు అడగరు. అదే బోటు కాలువల్లోకి వస్తే బోటుకి లైసెన్సు కావాలి.

కాబట్టి మీరు వెళ్లే నీళ్లు ఎవరి అధికారంలో ఉన్నాయో కనుక్కుని ఇవి అడగండి. ఎంత శక్తి, ఎంత వేగం, ఎంత పొడవు దాటితే లైసెన్సు? కనీస వయసెంత? సముద్రానికీ నదులు, సరస్సులకీ ఒకే పత్రమా, వేర్వేరా? బయటి దేశంలో తీసుకున్నది ఇక్కడ చెల్లుతుందా? పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలు నడపొచ్చా?

విదేశాల్లో నడపాలనుకుంటే ఐసీసీ అనే అంతర్జాతీయ యోగ్యతా పత్రం గురించి తెలుసుకోవాలి. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం 40వ తీర్మానం కింద ఇచ్చే పత్రమిది. మోటారు బోటుకి వేరు, తెరచాప బోటుకి వేరు, తీరానికి వేరు, లోపలి జలమార్గాలకి వేరుగా రాసి ఇస్తారు. యూరప్ కాలువలు, నదుల కోసమైతే సెవ్‌నీ అనే జలమార్గ నియమావళి మీద అదనంగా పరీక్ష ఉంటుంది. ఐసీసీ చేతిలో ఉంటే అన్ని దేశాలూ ఒప్పుకుంటాయనుకోవద్దు. ఫలానా దేశం ఒప్పుకుంటుందో లేదో బుకింగ్‌కి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇంకో మెలిక: బోటులో ఎక్కించుకున్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే చాలా దేశాల్లో అది వాణిజ్య ప్రయాణమే. విహార లైసెన్సు పనికిరాదు, విహార బీమా పరిహారం ఇవ్వదు.

రేడియో సంగతి వేరు. స్థిరంగా బిగించిన వీహెచ్‌ఎఫ్ సెట్టుకి, అంటే బోట్లు, ఓడలు మాట్లాడుకునే రేడియోకి, చాలా దేశాల్లో బోటు పేరున ఒక లైసెన్సు, వాడే మనిషికి ఒక సర్టిఫికెట్ అడుగుతారు. అయితే ప్రాణాపాయంలో ఎవరైనా వాడొచ్చు. కాబట్టి మాట్లాడే పద్ధతి బోటులో ఇంకొకరికి కూడా నేర్పండి.

పరీక్ష పాసవడం కష్టమేం కాదు. కంప్యూటరు ముందు కూర్చుని రాసే పరీక్షలు నియమాలు తెలుసా అని మాత్రమే చూస్తాయి, పక్కగాలిలో జెట్టీకి చేర్చగలరా అని చూడవు. అందుకని కార్డు వచ్చినా ఒక రోజు శిక్షకుడితో నీళ్లమీదికి వెళ్లండి. ఆ రోజు ఐదు పనులు చేయించుకోండి: గాలివైపు నుంచి, గాలికి ఎదురుగా జెట్టీకి చేర్చడం, రివర్సులో తిన్నగా 50 మీటర్లు పోవడం, లంగరు వేసి తీయడం, నీళ్లలో వేసిన ఫెండరుని (బోటు పక్కకి దెబ్బ తగలకుండా వేలాడదీసే మెత్తని దిండుని) మనిషి అనుకుని ఎక్కించుకోవడం, పూర్తి వేగంలోంచి ఆగడానికి ఎంత దూరం పడుతుందో కళ్లతో చూడటం.

ఒంటి మీద ఉండే రెండు వస్తువులు

లైఫ్ జాకెట్టు మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 10 న్యూటన్లంటే సుమారు ఒక కిలో తేలింపు. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర, సాయం పక్కనే ఉన్నచోట పనికొచ్చే తేలింపు సాయం మాత్రమే. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని అది పైకి తిప్పదు. 100 ప్రశాంతమైన నీళ్లకి సరిపోతుంది. ఒడ్డుకి దూరంగా వెళ్లేవారికి 150. బరువైన బట్టలు, పనిముట్లు ఒంటిమీదుంటే 275.

సరిగ్గా పట్టిందా అని చూడటం తేలిక. అన్ని బకిళ్లూ బిగించి చేతులు పైకెత్తమనండి. వెనకనుంచి ఎవరైనా భుజాల దగ్గర జాకెట్టు పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి చెవులదాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు, నీళ్లలో అది తలమీంచి ఊడిపోతుంది. తొడల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది ఇందుకే. అడ్డంగా ఉందని చాలామంది దాన్ని మడిచి లోపలికి దోపేస్తారు. పిల్లలకి బరువుని బట్టి కొనాలి. వచ్చే ఏడాదికి సరిపోతుందని పెద్ద సైజు కొంటే ఈ ఏడాది ఆ జాకెట్టు లేనట్టే.

గాలి నింపుకునే రకం జాకెట్టు తేలిగ్గా ఉంటుంది, కానీ దానికి సంరక్షణ కావాలి. ప్రతి ప్రయాణానికి ముందు లోపలి చిన్న గ్యాస్ సిలిండరుని చేత్తో బిగించి చూడండి. కదలికలకి దాని మర దానంతటదే వదులవుతుంది. అలా వదులైతే తాడు లాగినా గ్యాస్ జాకెట్టులోకి పోదు. ఏడాదికొకసారి సిలిండరు విప్పి తూచి, దానిమీద చెక్కిన బరువుతో పోల్చండి. నోటితో ఊదే గొట్టంలోంచి గాలి నింపి రాత్రంతా వదిలేయండి, పొద్దుటికి మెత్తబడితే ఎక్కడో లీకు ఉంది. గాలి తీయడానికి గొట్టం మూతనే తిరగేసి కవాటాన్ని నొక్కాలి, పెన్నుతో పొడిస్తే కవాటం పాడవుతుంది. నీళ్లు తగలగానే ఉబ్బే రకాన్ని మూసిన క్యాబిన్‌లో వేసుకోవద్దు. బోటు తిరగబడి నీళ్లు లోపలికొస్తే అది ఉబ్బి మిమ్మల్ని పైకప్పుకి అదిమేస్తుంది. నీటి స్కూటరుకీ, వెనక తాడు కట్టి లాగించుకునే ఆటలకీ గాలి రకం పనికిరాదు, నురుగు రకమే వేసుకోవాలి.

రెండోది కిల్ కార్డ్, ఇంజిన్ ఆపే ఎర్ర తాడు. ఒక కొస స్విచ్‌కి, ఇంకో కొస నడిపేవారి తొడకి గానీ లైఫ్ జాకెట్టుకి గానీ తగిలిస్తారు. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగుతుంది. అది తగిలించకపోతే జరిగేది ఇది: స్టీరింగు వదిలేసిన బోటు ప్రొపెల్లర్ తిప్పుడుకి ఒకపక్కకి ఒరిగి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, తిరిగి తిరిగి నీళ్లలో ఉన్న మనిషి మీదికే వస్తుంది. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లు వేగంగా పోయేటప్పుడు దీన్ని తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. ప్రతిసారీ బయల్దేరేముందు ఇంజిన్ ఆన్ చేసి తాడు లాగి, ఆగుతోందో లేదో చూడండి. రెండో తాడు ఒకటి బోటులో ఉంచండి. పడిపోయిన మనిషితో పాటే మొదటిది పోతుంది కదా, మిగిలినవాళ్లు ఇంజిన్ మళ్లీ ఎలా ఆన్ చేస్తారు?

మిగతా సామాను క్లుప్తంగా: పెట్రోలు మంటలకి పనికొచ్చే అగ్నిమాపక సిలిండరు, ఇంజిన్‌కీ మీకూ మధ్య కాకుండా మీరు అందుకోగలిగే చోట, విసరడానికి తేలే తాడు 15 మీటర్లకి తగ్గకుండా, లంగరు, గొలుసు, తాడు, బకెట్, తెడ్డు, ఈల, హారన్, గడువు దాటని ఎర్ర ఫ్లేర్లు (ఆపదలో వెలిగించి చూపే మంటలు), నీళ్లలో తడిసినా పనిచేసే టార్చి, నీళ్లు, ప్రథమచికిత్స పెట్టె, నీళ్లలోంచి ఎక్కడానికి నిచ్చెన. నిచ్చెనని తేలిగ్గా తీసుకోకండి. తడిసిన బట్టలతో ఉన్న మనిషిని బోటు అంచుమీంచి పైకి లాగడం ఇద్దరివల్ల కూడా కాకపోవచ్చు.

బయల్దేరాలా, వద్దా

వాతావరణ సూచనలో చూడవలసింది ముందు గాలి, తర్వాత అల. గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలమానంలో 4 అంటే 11 నుంచి 16 నాట్ల గాలి. తెరిచున్న నీళ్లమీద అలల తలలు తరచుగా తెల్లబడుతుంటాయి. చిన్న బోటుతో కొత్తవారు ఆగిపోవలసింది అక్కడే. సూచనలో ఇచ్చేది సగటు గాలి, ఈదురుగాలి అంతకు 40 శాతం ఎక్కువుండొచ్చు. అల ఎత్తు కూడా సగటు లెక్కే, అప్పుడప్పుడు దానికి రెండింతలున్న అల వస్తుంది.

ఒడ్డు నుంచి నీళ్లవైపు వీచే గాలి మోసం చేస్తుంది. రేవు దగ్గర అద్దంలా కనిపిస్తుంది. కిలోమీటరు లోపలికి పోయాక అలలు లేస్తాయి, వెనక్కి రావాలంటే వాటికి ఎదురు రావాలి. ఆటుపోట్లున్నచోట ఇంకో లెక్క ఉంది: సుమారు ఆరు గంటల పోటులో నీరు పన్నెండు భాగాలు పెరుగుతుందనుకుంటే, గంటగంటకీ 1, 2, 3, 3, 2, 1 చొప్పున పెరుగుతుంది. మధ్య రెండు గంటల్లోనే సగం నీరు కదులుతుందన్నమాట, ప్రవాహం బలంగా ఉండేది అప్పుడే. ఆ ప్రవాహానికి గాలి ఎదురైతే అలలు పొట్టిగా, నిటారుగా లేచి చిన్న బోటు ముక్కుని నీళ్లలో ముంచుతాయి. బయల్దేరే వేళ మార్చుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

మనుషుల లెక్కకి బోటు మీద ఉన్న ప్లేటు చూడండి. తలలే కాదు, కిలోలు కూడా రాసి ఉంటాయి. లంగరు, ఇంధనం, ఐస్‌పెట్టె అన్నీ అందులోవే. ప్లేటు లేని 20 అడుగుల లోపు బోటుకి అమెరికాలో వాడే లెక్క: పొడవు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగించాలి. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటే 6.4 వస్తుంది, అంటే ఆరుగురు. అదీ వాతావరణం బాగుంటేనే. అందరూ ఒకపక్క చేరినా, ఒకరు లేచి నిలబడినా ఆరుగురితోనే బోటు బోర్లా పడొచ్చు.

ఇంధనాన్ని మూడు వంతులు చేసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకుండా ఒకటి. 60 లీటర్ల ట్యాంకులో 20 లీటర్లు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. బోటు గేజులు నమ్మదగ్గవి కావు, అలలకి ముల్లు ఊగుతుంటుంది.

చివరగా, ఒడ్డున ఉండే ఒక మనిషికి ప్రయాణ వివరం రాసివ్వండి: బోటు రంగు, పేరు, ఎంతమంది, ఎటు వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు, ఎన్నింటిదాకా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ చివరి గంట రాయడమే అందరూ మరిచిపోతారు. అది లేకపోతే ఇంట్లోవాళ్లు "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటూ చీకటి పడేదాకా కూర్చుంటారు.

పెట్రోలు పోయడం

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. బోటు అడుగున చేరి కదలకుండా ఉంటుంది, స్టార్టరు నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఈ వరస తప్పొద్దు.

1. బోటు కట్టేయండి, ఇంజిన్ ఆపండి, అందరినీ దింపేయండి. స్టవ్వు, కరెంటు స్విచ్‌లు ఆపండి.
2. కిటికీలు, తలుపులు, అడుగు మూతలు మూయండి, ఆవిరి లోపలికి జారకుండా.
3. చేత్తో ఎత్తగలిగే ట్యాంకైతే జెట్టీ మీద నేలకి పెట్టి నింపండి. బోటులో ఉంచి నింపొద్దు.
4. నాజిల్ లోహం ట్యాంకు అంచుని తాకుతూనే ఉండాలి, లేకపోతే స్థిర విద్యుత్తుతో రవ్వ పుడుతుంది. అంచుదాకా నింపకండి, ఎండకి ఇంధనం ఉబ్బుతుంది.
5. ఒలికింది తుడిచి, ఆ గుడ్డని ఒడ్డున పడేయండి.
6. అన్నీ తెరవండి. ఇంజిన్ లోపల ఉన్న బోటైతే బ్లోయరు, అంటే ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, కనీసం 4 నిమిషాలు నడపండి.
7. వంగి, బోటు అడుగున ముక్కు పెట్టి వాసన చూడండి. వాసన వస్తే ఇంజిన్ ముట్టుకోవద్దు. రాకపోతే ఆన్ చేసి, అప్పుడు మనుషుల్ని ఎక్కించండి.

చౌకగా వస్తుందని కారు స్టార్టరు గానీ ఆల్టర్నేటరు గానీ బోటు లోపలి ఇంజిన్‌కి బిగించవద్దు. బోటు భాగాల్ని రవ్వ బయటికి రాకుండా మూసి తయారుచేస్తారు, కారువి అలా ఉండవు.

నీళ్లలోకి దించడం, జెట్టీ వదలడం

ట్రైలరు మీంచి దించేవారు ర్యాంపుకి దూరంగానే సామానంతా సర్దుకోవాలి. వెనక పట్టీలు విప్పండి, ట్రైలరు లైట్ల ప్లగ్గు తీసేయండి, బోటుకి ఒక తాడు కట్టి చేత పట్టుకోండి. బోటుని ట్రైలరుకి లాగి పట్టే విన్చ్ కొక్కెం మాత్రం బోటు తేలేదాకా విప్పవద్దు, వాలులో బోటు జారి కాంక్రీటు మీద పడుతుంది. అన్నిటికంటే ముందు వెనక అడుగున ఉన్న డ్రెయిన్ బిరడా బిగించారా? బోటు మొదటి పది నిమిషాల్లోనే మునగడం మొదలుపెడితే సాధారణంగా కారణం ఇదే. బిరడాని ఇంజిన్ తాళంచెవితో కలిపి కట్టి ఉంచితే మరిచిపోలేరు.

ఔట్‌బోర్డ్, అంటే బోటు వెనక బయటికి బిగించిన ఇంజిన్ ఆన్ కాగానే దాని వెనకనుంచి సన్నటి నీటి ధార రావాలి. ఇంజిన్‌ని చల్లబరిచే నీరది. కొద్ది క్షణాల్లో రాకపోతే ఇంజిన్ ఆపి, నీళ్లు తీసుకునే రంధ్రంలో ఇసుకో నాచో చిక్కుకుందేమో చూడండి.

జెట్టీ దగ్గర ఒకే సూత్రం: ఎంత వేగంతో గుద్దితే మీకు అభ్యంతరం లేదో అంతకంటే వేగంగా రాకండి. గాలి, ప్రవాహాల్లో ఏది బలంగా ఉంటే దానికి ఎదురుగా రండి, అదే మీ బ్రేకు. ఫెండర్లు, తాళ్లు ముందే సిద్ధంగా ఉండాలి. 20, 30 డిగ్రీల కోణంలో వస్తూ, రెండు మూడు బోటు పొడవుల ముందే న్యూట్రల్ చేయండి. ముక్కు దగ్గరపడగానే చక్రం జెట్టీవైపు పూర్తిగా తిప్పి, ఆ తర్వాత ఒక్క క్షణం రివర్సు వేయండి. ఊపు ఆగుతుంది, వెనక భాగం జెట్టీకి లాక్కుంటుంది. ఔట్‌బోర్డ్ మోటారు తోస్తున్నప్పుడే స్టీరింగు పనిచేస్తుంది, కాబట్టి ఎప్పుడూ చక్రం ముందు, గేరు తర్వాత. కుదరకపోతే సిగ్గుపడకుండా వెనక్కి వెళ్లి మళ్లీ రండి. బోటుకీ జెట్టీకీ మధ్య చెయ్యో కాలో అడ్డుపెట్టవద్దని ఎక్కినవాళ్లందరికీ బయల్దేరే ముందే చెప్పండి.

ఎవరు తప్పుకోవాలి

1972లో కుదిరి 1977 జూలై 15న అమల్లోకి వచ్చిన, ఓడలు గుద్దుకోకుండా చూసే అంతర్జాతీయ నియమావళి సముద్రం మీద అందరికీ వర్తిస్తుంది. లోపలి నీళ్లలో స్థానిక నియమాలు దానికి తోడవుతాయి. అన్నిటికంటే పెద్ద నియమం చూపు: కళ్లతో, చెవులతో నిరంతరం గమనిస్తుండాలి.

మోటారు బోట్లు రెండు ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. దారులు అడ్డంగా కలిస్తే, మీ కుడిపక్కనుంచి వచ్చేవాడికి మీరు దారివ్వాలి. వాడి వెనకనుంచి పోవాలి, ముందునుంచి దూరిపోకూడదు. దాటి వెళ్లేవాడే, తెరచాప బోటైనా సరే, దాటబడేవాడికి దూరంగా ఉండాలి. మోటారు బోటు తెరచాపకీ, వల వేసి ఉన్న చేపల బోటుకీ, సరిగ్గా కదల్లేని ఓడకీ తప్పుకోవాలి. ఇరుకు కాలువలో పెద్ద ఓడ ఎదురైతే హక్కుల మాట మరిచిపోండి. అది మీకోసం ఆగలేదు, దాని ముక్కు కింద ఉన్న మీరు దానికి కనిపించకపోవచ్చు.

తప్పుకునేటప్పుడు ఎదుటివాడికి స్పష్టంగా కనిపించేలా, ఒక్కసారే పెద్దగా తిరగండి. ఐదైదు డిగ్రీలు మెల్లగా తిరిగితే వాడికి అర్థం కాదు. దారి హక్కున్నవాడు తన దిశ, వేగం మార్చకూడదు. అవతలివాడు కదలడం లేదని తేలిపోయాక మాత్రం తప్పించుకోవచ్చు, అప్పుడు కూడా ఎడమపక్క ఉన్న బోటు కోసం ఎడమకి తిరగకండి.

గుద్దుకుంటామో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ దిశ మార్చకుండా, అవతలి బోటు మీ బోటు మీద ఏ కమ్మీకి సూటిగా కనిపిస్తోందో చూడండి. నిమిషం తర్వాత కూడా అదే కమ్మీకి సూటిగా, కాస్త పెద్దగా కనిపిస్తే గుద్దుకోబోతున్నట్టే. ముందుకో వెనక్కో జరిగితే సాధారణంగా గండం లేనట్టు.

రాత్రి లైట్లు: ఎడమపక్క ఎరుపు, కుడిపక్క ఆకుపచ్చ, వెనక తెలుపు. మీ కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే బోటు ఎరుపు చూపిస్తుంది, అంటే మీరు దారివ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే సూటిగా మీమీదికే వస్తోంది. 12 మీటర్ల లోపు మోటారు బోటుకి పక్కలైట్లతో పాటు చుట్టూ కనిపించే తెల్ల లైటు ఒకటి సరిపోతుంది. హారన్ ఒకసారి పొట్టిగా మోగితే కుడికి తిరుగుతున్నాను, రెండుసార్లు ఎడమకి, మూడుసార్లు ఇంజిన్ వెనక్కి వేశాను. ఐదుసార్లు గబగబా మోగితే, "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు." పొగమంచులో కదిలే మోటారు ఓడలు రెండు నిమిషాలకి మించకుండా ఒక పొడుగు హారన్ కొడతాయి. 12 మీటర్ల లోపు బోటు కూడా ఆ విరామంలోపే ఏదో ఒక శబ్దం గట్టిగా చేయాలి.

తేలే గుర్తుల దగ్గర విదేశాలకి వెళ్లేవారు పొరబడతారు. ప్రపంచం రెండు ప్రాంతాలుగా ఉంది. యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, ఆసియాలో చాలాభాగం ఉన్న 'ఏ' (A) అనే ప్రాంతంలో, సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర గుర్తు ఎడమపక్క ఉండాలి. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ఉన్న 'బీ' (B) ప్రాంతంలో అదే ఎరుపు కుడిపక్క. తలకిందులుగా గుర్తుంటే నేరుగా రాళ్ల మీదికి పోతారు.

లంగరు

లంగరు బరువుతో బోటుని ఆపదు, నేలలో గుచ్చుకుని ఆపుతుంది. తాడు నేలకి దాదాపు సమాంతరంగా లాగితేనే గుచ్చుకుంటుంది. అందుకే లోతుకి ఏడు రెట్ల తాడు వదలాలి. లోతంటే నీటి లోతొక్కటే కాదు. నీరు 3 మీటర్లు, నీటిమీంచి ముక్కు ఎత్తు 1 మీటరు, పోటుకి పెరిగేది 1 మీటరు అనుకుంటే మొత్తం 5. 35 మీటర్లు వదలాలి. లంగరుకీ తాడుకీ మధ్య గొలుసు ఉండాలి.

ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, లంగరుని విసరకుండా నేలకి దించండి, బోటు వెనక్కి జారుతుంటే తాడు వదులుతూ పోండి. అంతా వదిలాక ముక్కు దగ్గర తాడు కట్టే కొమ్ముకి (క్లీట్‌కి) కట్టి, మెల్లగా రివర్సు వేసి గుచ్చండి. ఒడ్డున ఒకే వరుసలో ఉన్న రెండు వస్తువుల్ని, చెట్టు వెనక స్తంభం లాంటివాటిని, గుర్తు పెట్టుకోండి. వరుస తప్పితే లంగరు ఈడ్చుకుపోతున్నట్టు. లంగరు తాడుని ఎప్పుడూ వెనక భాగానికి కట్టవద్దు. అక్కడ ఇంజిన్ బరువుతో అంచు తక్కువ ఎత్తులో ఉంటుంది, తాడు బిగియగానే అలలు లోపలికి దూకి బోటుని నింపేస్తాయి.

మనిషి నీళ్లలో పడితే

"మనిషి పడ్డాడు" అని అరవండి. ఒకరు వేలు చూపిస్తూ, కళ్లు తిప్పకుండా ఆ మనిషినే చూస్తుండాలి. ఇంకొకరు తేలేది ఏదైనా విసరాలి. జీపీఎస్‌లో ఆ చోటు గుర్తించే మీట నొక్కండి. నడిపేవారు వెంటనే న్యూట్రల్ చేసి, మనిషి ఏపక్క పడ్డాడో ఆపక్కకే చక్రం తిప్పాలి, వెనక భాగం అవతలికి పోతుంది. తర్వాత చుట్టి వచ్చి, గాలికి ఎదురుగా మెల్లగా చేరి, మనిషి పక్కకి రాగానే ఇంజిన్ పూర్తిగా ఆపండి. న్యూట్రల్ చాలదు, మోకాలు తగిలి గేరు పడిన ప్రమాదాలున్నాయి. ఈత సరదాకి నీళ్లలోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

చల్లటి నీళ్ల లెక్క 1, 10, 1 అని గుర్తుంచుకుంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినే 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మొదటి నిమిషంలో వచ్చే ఎగశ్వాసకి నీళ్లు మింగి పోయేవాళ్లు చాలామంది, ఈతగాళ్లు కూడా. లైఫ్ జాకెట్టు ఆ నిమిషం కోసమే. ఆ పది నిమిషాలు ఒడ్డుకి ఈదడానికి ఖర్చు చేయకండి, బోటెక్కడానికి వాడండి. బోటు తిరగబడినా దాన్ని పట్టుకునే ఉండండి, వెతికేవాళ్లకి తలకాయకంటే బోటు తొందరగా కనిపిస్తుంది.

రెండు కనిపించని శత్రువులు. ఇంజిన్ నడుస్తుండగా వెనక మెట్టు మీద కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు. తలనొప్పి, వికారం చూసి సముద్రపు కడుపుతిప్పు అనుకుంటారు, ఈలోగా స్పృహ తప్పుతుంది. మద్యం రెండోది. ఎండ, గాలి, ఊగుడుతో ఒళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటుంది, ఒడ్డున తట్టుకునే మోతాదే నీళ్లమీద ఎక్కువవుతుంది. నడిపేవారికే కాదు, తూలి పడే ప్రయాణికులకీ ఇది వర్తిస్తుంది.

సాయం కోరడం

ఇంజిన్ ఆగిపోతే మొట్టమొదట లంగరు వేయండి, మరమ్మతు తర్వాత. లేదంటే మీరు ఇంధన గొట్టం చూస్తుండగానే బోటు రాళ్లమీదికి చేరుతుంది. తర్వాత చూసే వరస: కిల్ కార్డ్ ఊడిందా, గేరు న్యూట్రల్‌లో ఉందా, ట్యాంకు గాలి మర తెరిచి ఉందా, ఇంధనం ఉందా, ఇంధన గొట్టంలోని చేతిపంపు బంతి గట్టిగా ఉందా, ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుందా.

మంటొస్తే ఇంధనం, ఇంజిన్ ఆపి, మంట గాలివాటు వైపు ఉండేలా బోటు తిప్పండి. వెనక అంటుకుంటే ముక్కు గాలికి ఎదురు. ఇంజిన్ మూత తెరవకుండా చిన్న సందులోంచి సిలిండరు కొట్టాలి, తెరిస్తే గాలి దొరికి భగ్గుమంటుంది.

ప్రాణాపాయం ఉంటే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్, పూర్తి శక్తి మీద. ఆపద సంకేతాన్ని సెట్టే పంపే ఎర్ర డీఎస్‌సీ మీట ఉంటే ముందు దాని మూత ఎత్తి, సెట్టు పంపినట్టు చెప్పేదాకా నొక్కి పట్టండి. తర్వాత నెమ్మదిగా: "మేడే, మేడే, మేడే. దిసీజ్," బోటు పేరు మూడుసార్లు. మళ్లీ "మేడే," బోటు పేరు ఒకసారి. ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఏం సాయం కావాలి, ఎంతమంది ఉన్నారు. "ఓవర్" అని మీట వదలండి. వదలకపోతే జవాబు వినపడదు. ఇంజిన్ పాడై కొట్టుకుపోతున్నా ప్రాణం మీదికి ఇంకా రాకపోతే మేడే బదులు "పాన్ పాన్" మూడుసార్లు. ఈ వాక్యాలు ఖాళీలతో సహా ఒక కార్డు మీద రాసి, రేడియో పక్కన అంటించండి. చేతి సెట్టు శక్తి 5 వాట్లు, బిగించిన సెట్టుది 25. రెండింటికీ యాంటెన్నా ఎత్తే ముఖ్యం, కాబట్టి చేతి సెట్టుతో అయితే పట్టు దొరికితే నిలబడి మాట్లాడండి. ఫ్లేర్లు ఓడో విమానమో కనబడినప్పుడే వాడండి. చెయ్యి చాచి, బోటుకి బయట, గాలి పోయేవైపు పట్టుకోవాలి.

తిరిగొచ్చాక సముద్రపు నీళ్లలో నడిచిన ఇంజిన్‌ని మంచినీళ్లతో కడగండి, ట్రైలరు మీద బోటు పెట్టాక బిరడా తీసి నీళ్లు వదలండి, జాకెట్లు నీడలో ఆరేయండి. వీటన్నిటికంటే ముందు, ప్రయాణ వివరం రాసిచ్చిన మనిషికి వచ్చేశామని ఫోన్ చేయండి. లేకపోతే ఆ గంట దాటగానే మీకోసం గాలింపు మొదలవుతుంది.